విశాఖపట్నం చుట్టూ నీటి అంచున నడకలు: ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళేందుకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం అనగానే ఎవరికైనా సముద్రమే గుర్తుకొస్తుంది. ఊరికి వెనకవైపు తిరిగి చూసేవాళ్ళు తక్కువ. తూర్పు కనుమల నుంచి దిగివచ్చే గెడ్డలు, వాటికి అడ్డంగా కట్టిన జలాశయాలు, వానలకు నిండి ఎండలకు తగ్గే ఆవలు ఈ ప్రాంతమంతా పరచుకుని ఉన్నాయి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, గోస్తని మీది తాటిపూడి, శారద మీది రైవాడ జలాశయాల నీళ్ళు నగరం గొంతు తడుపుతున్నాయి. అచ్యుతాపురం వైపు వెళితే కొండకర్ల ఆవ కనిపిస్తుంది. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దానికి పేరు. భీమిలి దారిలో కొండల మీద బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి.

ఇన్ని నీళ్ళున్నచోట నడవడానికి దారులకు కొదవ లేదు. కొదవల్లా ఆలోచనకే. ఇంటిల్లిపాదీ కారులో బయలుదేరుతారు. అక్కడికి చేరాక కుర్రాళ్ళు కెమెరాలు పట్టుకుని ముందుకు వెళ్ళిపోతారు, మోకాళ్ళు నొప్పులున్న నాయనమ్మ కారులోనే కూర్చుంటుంది, చంటిబిడ్డ తల్లి ఆమెకు తోడుగా ఉండిపోతుంది. చక్రాల కుర్చీలో తిరిగే పెదనాన్నను అసలు ఇంటినుంచే తీసుకురారు. ఈ అలవాటు మారాలన్నదే నా పట్టుదల. ఎవరినీ వదలకుండా వెళ్ళాలంటే ఏ దారి ఎంచుకోవాలి, ఎలా సిద్ధం కావాలి, ఎలా నడిపించాలి అన్నది ఒక వరసలో చెబుతాను.

మొదట మనిషి, తర్వాతే దారి

చాలామంది ముందు చోటు ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఎవరు రాగలరో లెక్క చూస్తారు. దీన్ని తిరగేయండి. వచ్చేవాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకుని, ఆ మనిషి కాళ్ళకు సరిపోయే దారిని వెతకండి.

అందుకు చిన్న పరీక్ష ఉంది. బయలుదేరడానికి వారం ముందు, ఆ పెద్దాయనతోనో పెద్దావిడతోనో మీ వీధిలోనే చదునైన చోట ఇరవై నిమిషాలు నడవండి. మాట్లాడుతూ నడవాలి. మాటకు మాటకు మధ్య ఆయాసం వస్తుంటే అక్కడితో ఆపి, ఎంత దూరం వచ్చారో చూసుకోండి. వాళ్ళకు ఒక విడతలో అదే హద్దు. తెలియని చోట, గతుకుల నేల మీద ఆ దూరంలో సగమే లెక్కవేసుకోవాలి. ఆరోగ్యవంతులు చదును నేల మీద గంటకు నాలుగయిదు కిలోమీటర్లు నడుస్తారు. డెబ్బై దాటినవాళ్ళతో వెళ్ళేటప్పుడు రెండు కిలోమీటర్లు అనుకుంటేనే అందరి మనసూ స్థిమితంగా ఉంటుంది.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి ఇబ్బంది పెడుతుంది, దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. అందుకని 'పైకి బాగానే వచ్చేశారుగా' అని మురిసిపోకండి. మధుమేహం ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు. చెప్పులో రాయి ఉన్నా వాళ్ళకు తెలియదు. వేళ్ళు మూసుకునే బూట్లు వేయించండి, మధ్యలో ఒకసారి విప్పించి చూడండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి, మందులు తమ జేబులోనే పెట్టుకోవాలి, కారులో కాదు.

చక్రాల కుర్చీ వాడేవాళ్ళు ఉంటే దాని వెడల్పు కొలవండి. చేత్తో నడిపే మామూలు కుర్చీలు అరవై అయిదు నుంచి డెబ్బై సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఒక కుర్చీ ఇబ్బంది లేకుండా సాగడానికి తొంభై సెంటీమీటర్ల దారి కావాలి. వెనక్కి తిప్పుకోవడానికి అటూ ఇటూ మీటరున్నర చోటు ఉండాలి. గేటు దగ్గర పశువులు రాకుండా పాతిన ఇనుప గొట్టాలు, గుండ్రంగా తిరిగే చిన్న గేట్లు చాలాసార్లు ఇక్కడే అడ్డం పడతాయి. లోపల ఎంత చక్కటి బాట ఉన్నా గేటు దాటలేకపోతే ఏం లాభం?

దారిని ముందుగా చూసి రండి

ఫోనులో కనిపించే ఫొటోలు నమ్మకండి. అవి నీళ్ళు చూపిస్తాయి, నేలను చూపించవు. బృందంలో ఒకరు ముందుగా వెళ్ళి చూసి రావాలి, అదీ మీరు అందరితో వెళ్ళబోయే వేళకే. పొద్దున చల్లగా ఉండే కట్ట పదింటికి పెనంలా కాలవచ్చు.

చూడవలసింది వాలు, నేల, నీడ, కూర్చునే చోటు, మరుగుదొడ్డి, వెనక్కి తిరిగే చోట్లు. ఇందులో వాలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కంటి అంచనా ఇక్కడే ఎక్కువగా తప్పుతుంది. చక్రాల కుర్చీల కోసం కట్టే వాలుబాటకు పన్నెండుకు ఒకటి అన్నది ప్రమాణం. అంటే పన్నెండు మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు కన్నా ఎత్తు పెరగకూడదు. దీన్ని కొలవడానికి నూటఇరవై సెంటీమీటర్ల తిన్నని కర్ర చాలు. ఒక కొసను బాట మీద ఆనించి, కర్రను వాలు దిగే వైపు చాపి పట్టుకోండి. కర్ర మీద ఫోను పెట్టి, అందులోని మట్టం చూపే యాప్ సున్నా చూపేవరకు సరిచేయండి. గాలిలో ఉన్న కొస కింద నేల దాకా స్కేలుతో కొలవండి. పది సెంటీమీటర్లు వస్తే పన్నెండుకు ఒకటి. ఆరు వస్తే ఇరవైకి ఒకటి, అది హాయిగా నెట్టగలిగే వాలు. పదిహేను వస్తే ఇద్దరు బలమైనవాళ్ళు ఉంటేనే ఆ దారి. కర్ర లేకపోతే ఫోనునే బాట మీద పడుకోబెట్టి కోణం చూడండి. మూడు డిగ్రీలయితే తేలిక, అయిదయితే హద్దు.

నేల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. సిమెంటు, తారు, గట్టిపడిన ఎర్రకంకర మీద చక్రం దొర్లుతుంది. ఇసుకలోనూ వదులు కంకరలోనూ దిగబడిపోతుంది. నల్లరేగడి పొడిగా ఉంటే రాయి, తడిస్తే జిగురు. మొన్నటి వాన తర్వాత దారి ఎలా ఉందో పొలాలకు వెళ్ళే రైతును అడగండి, అంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు.

మరుగుదొడ్ల మాట మొహమాటపడకుండా ముందే తేల్చుకోవాలి. పల్లె జలాశయాల దగ్గర ఇది ఉండకపోవడమే ఎక్కువ. ఆ కారణంగానే ఆడవాళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళు తాగకుండా వస్తారు, ఎండలో కళ్ళు తిరిగి పడిపోతారు. జాతీయ రహదారి మీద పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి. చివరి బంకు ఎక్కడో చూసుకుని, అక్కడ అందరూ దిగేలా ప్రయాణంలోనే సమయం కేటాయించండి.

అందరికీ, చాలామందికి, కొందరికి

ఇంగ్లండ్‌లో సరస్సులకు పేరుపడిన లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ పార్కువాళ్ళు మెట్లూ, కంచె ఎక్కి దాటాల్సిన అడ్డులూ లేని నడకదారులను ఎంపిక చేసి, మూడు తరగతులుగా విడదీశారు. కుర్చీని సొంతంగా నడుపుకోగలిగేవాళ్ళతో సహా అందరికీ సరిపోయేవి ఒకటి, సాయం ఉంటే చాలామందికి సరిపోయేవి రెండు, బలమూ ధైర్యమూ ఉన్న కొందరికే సరిపోయేవి మూడు. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. 'సులువు', 'కష్టం' అని రాస్తే ఎవరికి సులువో తెలియదు. ఇక్కడ మనిషిని ముందు పెట్టుకుని దారిని తూస్తారు. విశాఖ చుట్టుపక్కల దారులనూ అలాగే చూద్దాం.

అందరికీ సరిపోయేవాటిలో మొదటిది రామకృష్ణా బీచ్ ఒడ్డున సాగే బీచ్ రోడ్డే. మంచినీళ్ళ గురించి చెబుతూ సముద్రానికి వచ్చానేమిటి అనుకోకండి. చక్రాల కుర్చీతో తొలిసారి బయటికి వచ్చేవాళ్ళకు ఇంతకన్నా మంచి బడి లేదు. పొద్దున నడిచేవాళ్ళ కోసం కొంతసేపు వాహనాలను ఆపుతారు, అప్పుడు చదునైన తారురోడ్డు మొత్తం మీదే. 2002లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురా జలాంతర్గామి, దానికి ఎదురుగా 2017 నుంచి ఉన్న టీయూ-142 విమానం దారిలోనే కనిపిస్తాయి. జలాంతర్గామి లోపల దారి ఇరుకు, కుర్చీ పట్టదు. బయటినుంచి చూడటంతో సరిపెట్టుకోవాలి.

రెండోది ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల. ఇది కంబాలకొండ అడవి పక్కనే ఉంది. లోపల వెడల్పాటి రోడ్లు, చెట్ల నీడ, బ్యాటరీ వాహనాలు ఉన్నాయి. సగం దూరం బండిలో, సగం కుర్చీలో అన్న ఏర్పాటు ఇక్కడ బాగా కుదురుతుంది. సోమవారం సెలవు.

మూడోది ముడసర్లోవ. హనుమంతవాక నుంచి ఆరిలోవ మీదుగా అడవివరం వెళ్ళే దారిలో, కొండల నడుమ ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నగరానికి నీళ్ళివ్వడానికి దీన్ని కట్టారు. 2018 నుంచి ఈ జలాశయం మీద రెండు మెగావాట్ల సౌర ఫలకాలు తేలుతున్నాయి. ఆ ఫలకాల అంచుల మీద నీటికాకులు రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటుంటే పిల్లలు కదలరు. వాటి ఈకలు బాతు ఈకల్లా నీటిని పూర్తిగా వదిలించుకోవు. తడిస్తేనే అవి తేలిగ్గా మునిగి చేపను పట్టగలవు, ఆ తర్వాత ఇలా ఎండలో నిలబడక తప్పదు. జలాశయం పక్కన పార్కులో చిన్నపిల్లల బండ్లు, కుర్చీలు తిరగగలిగిన బాటలున్నాయి. నీళ్ళు తాగడానికి వాడేవి కాబట్టి ఒడ్డుకు దిగి కాళ్ళు కడుక్కోవడం, తిన్నవి పారేయడం తగదు.

చాలామందికి సరిపోయేవాటిలో తొట్లకొండకు పెద్ద పీట వేస్తాను. బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర లోపలికి తిరిగితే, సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న కొండపైకి వాహనం వెళుతుంది. నౌకాదళం వారి సర్వేలో 1976లో ఈ చోటు బయటపడింది, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. ఎక్కే కష్టం వాహనానిది, పైన చూసే సంతోషం మనది. పైన స్తూపాలు, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. కట్టడాల మధ్య నేల ఎగుడుదిగుడు. కుర్చీని నెట్టడానికి ఇద్దరు కావాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు చేతికర్ర ఉండాలి. నదీ ఊటా లేని కొండ మీద ఒక సంఘం ఏళ్ళతరబడి బతికిందంటే ఆ తొట్లే కారణం. తొట్టి అంచున నిలబడి, వాన నీరు ఏ వైపు నుంచి ఏ వాలులో వచ్చి చేరి ఉంటుందో పిల్లల చేత కనిపెట్టించండి. వాలు కొలిచే కర్ర చేతిలో ఉంటే వాళ్ళకదే ఆట.

తాటిపూడి కూడా ఈ తరగతిలోదే. శృంగవరపుకోట వైపు అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, విజయనగరం జిల్లాలో ఉంటుంది. కట్ట మీద చదునుగా ఉంటుంది కానీ నీడ ఉండదు. కట్ట మీదకు అనుమతి ఉందో లేదో కాపలా సిబ్బందిని అడిగి తెలుసుకోండి. జలాశయాల భద్రతను బట్టి ఇది మారుతుంటుంది. ఈ నీళ్ళు తెచ్చే గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర సాగి, ఇక్కడ ఆగి, చివరకు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఓపిక ఉన్న కుటుంబాలు మూడు వేర్వేరు ఆదివారాల్లో ఒకే నదిని మూడుచోట్ల చూడవచ్చు. బొర్రాలో మెట్లు చాలా ఉంటాయి, తడిగా ఉంటాయి. అక్కడికి మాత్రం మోకాళ్ళ నొప్పులవాళ్ళను బలవంతపెట్టకండి.

కొండకర్ల ఆవ: ఒక పూట పూర్తిగా

ఈ చుట్టుపక్కల ఒక్క నడకే చేయగలనంటే నేను పంపేది కొండకర్లకే. నగరం నుంచి యాభై కిలోమీటర్ల లోపే. గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా అచ్యుతాపురం దారిన వెళ్ళవచ్చు, అనకాపల్లి మీదుగానూ వెళ్ళవచ్చు. చలికాలంలో అనకాపల్లి దారి మేలు. చెరకు గానుగలు నడుస్తుంటాయి, పొయ్యి మీద పాకం కాగే వాసన రోడ్డు దాకా వస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి, వెళ్ళేటప్పుడు ఆగితే ఎండెక్కిపోతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. సూర్యోదయానికి ఆవ దగ్గర ఉండేలా బయలుదేరండి. జనవరిలో పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో కాబట్టి అయిదుకల్లా ఇంట్లోంచి కదిలితే చాలు. పెద్దవాళ్ళను మరీ అర్ధరాత్రి లేపనక్కర్లేదు.

వాహనం దిగాక వెంటనే నడక మొదలుపెట్టకండి. పెద్దవాళ్ళ కాళ్ళు కూర్చుని కూర్చుని పట్టేసి ఉంటాయి. అయిదు నిమిషాలు నిలబడి, మడమలు ఎత్తి దించి, చేతులు కదిలించాక ఒడ్డు వెంట బయలుదేరండి. ఊరి రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒడ్డు వరకు కుర్చీ వెళుతుంది. అక్కడినుంచి గట్టు మట్టిబాట. పొడి రోజుల్లో సాయంతో కుర్చీ కొంతదూరం సాగుతుంది, వానలప్పుడు సాగదు. కుర్చీలో ఉన్నవాళ్ళను గట్టు చివరిదాకా తీసుకెళ్ళి తీరాలన్న పంతం వద్దు. నీళ్ళు బాగా కనిపించే చోట నీడ చూసుకుని కుర్చీకి బ్రేకు వేసి, మిగతావాళ్ళలో ఇద్దరు అక్కడే కూర్చోండి. మొదట వెళ్ళినవాళ్ళు అరగంటలో వచ్చి ఈ ఇద్దరినీ పంపాలి. తోడు వంతులవారీగా ఉంటే ఎవరికీ బరువనిపించదు.

నిజానికి ఆవను చూడటానికి నడిచేవాళ్ళ కన్నా కూర్చున్నవాళ్ళకే అదృష్టం ఎక్కువ. అలికిడి ఆగిన పది నిమిషాలకు పక్షులు దగ్గరికి వస్తాయి. తామరాకుల మీద చూడండి. కోడిపెట్ట కన్నా చిన్నదిగా, కాళ్ళకు చీపురుపుల్లల్లాంటి పొడవాటి వేళ్ళున్న పిట్ట నీళ్ళ మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. దాని పేరు జకానా. అది ఒక ఆకు మీద కాలు మోపగానే ఆకు అంచు మెల్లగా దిగి, దాని మీదకు సన్నని నీటి పొర వస్తుంది. ఆకు మునిగేలోపే రెండో కాలు పక్క ఆకు మీద పడుతుంది. వేళ్ళు అంత వెడల్పుగా పరుచుకోవడంతో బరువు ఒకచోట పడదు. తేలే ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, వాటిని పొదిగి పిల్లలను సాకేది మగపక్షి. దూరదర్శిని ఒకటి ఉంటే ముందుగా కుర్చీలో ఉన్నవాళ్ళ చేతికివ్వండి. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉండటం, లకుముకి పిట్ట మునిగే ముందు గాలిలో నిలబడిపోవడం వాళ్ళే మొదట పట్టుకుని మిగతావాళ్ళకు చెబుతారు.

చూపులేనివాళ్ళు వెంట ఉంటే ఆవ మరింత బాగుంటుంది. నీటికోళ్ళ అరుపులు, చేప ఎగిరి పడిన చప్పుడు, గడ విసిరినప్పుడు దోనె కింద నీరు గలగలమనడం, ఏది ఏ దిక్కు నుంచో వాళ్ళనే చెప్పమనండి. వాళ్ళ చెయ్యి పట్టుకుని లాగకండి. మీ మోచేయి పైభాగాన్ని వాళ్ళు పట్టుకోవాలి, మీరు అరడుగు ముందు నడవాలి. గుంత వస్తే 'జాగ్రత్త' అంటే సరిపోదు, 'కుడివైపు గుంత, ఎడమకు ఒక అడుగు' అని చెప్పాలి.

ఇక దోనెలు. తాటి మొద్దులను తొలిచి, రెండింటిని జతకట్టి నడిపే దోనెలు ఇక్కడి ప్రత్యేకత. వాడ్రాపల్లి వైపు జనం రోజువారీ పనులకూ ఇలాగే ఆవ దాటుతుంటారు. ఎక్కాలనిపించడం సహజం. ఒంటిని నిలదొక్కుకోలేనివాళ్ళను, చంటిపిల్లలను మాత్రం ఎక్కించకండి. మిగతావాళ్ళు లైఫ్ జాకెట్ ఉంటేనే ఎక్కాలి, ఎక్కాక లేవకూడదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం తర్వాత కూడా జాకెట్ దగ్గర బేరమాడితే ఎలా? సరంగు 'అమ్మా, ఇవాళ గాలి ఎక్కువగా ఉంది' అన్నాడంటే ఇంకో మాట లేకుండా ఒడ్డునే ఉండిపోండి. ఆ నీళ్ళు అతనికి తెలిసినంత మనకు తెలియవు.

తొమ్మిదికల్లా తిరుగుముఖం పట్టాలి. ఎండ ముదిరాక పక్షులూ రెల్లులోకి వెళ్ళిపోతాయి.

కొందరికి మాత్రమే

కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకు కంబాలకొండ అభయారణ్యం ఉంది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి, ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉండేది, 1970లో అటవీశాఖకు వచ్చింది. జాతీయ రహదారి పక్కనే పర్యావరణ పార్కు ద్వారం. అడవి బాటలు, లోపల చిన్న జలాశయం ఉన్నాయి. చిరుతలు తిరిగే అడవి కాబట్టి సమయాలు పాటించండి, గుర్తులున్న బాట విడవకండి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీద వేలాది చెట్లను కూల్చేసింది. పాత ఫొటోల్లో కనిపించే నీడ ప్రతిచోటా ఉంటుందనుకోవద్దు.

మాధవధార నుంచి కొండ ఎక్కి సింహాచలం చేరే మెట్లదారి మరో మంచి నడక. కొండలోంచి వచ్చే ధార దగ్గర మొదలై, సంపెంగ చెట్లూ అనాస తోటలూ ఉన్న కొండవైపు దిగుతారు. ఆషాఢ పున్నమి వేళ సింహగిరి చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే లక్షలాది జనం ముడసర్లోవ మీదుగా, మాధవధార మీదుగా సాగుతారు. అంత దూరం నడవలేని పెద్దవాళ్ళకు ప్రదక్షిణలో ఒక ముక్క నడవడమూ తృప్తే. అడవివరం నుంచి ముడసర్లోవ వరకు అయితే బాగుంటుంది. జనం లేని మామూలు రోజున వెళ్ళండి.

భీమిలి పైనున్న పావురాలకొండ మీద కనీసం పదహారు రాతి తొట్లు ఉన్నాయి, తొట్లకొండ నచ్చినవాళ్ళు ఎక్కి చూడాలి. ఎర్రమట్టి దిబ్బలు చూడముచ్చటైనవే కానీ మెత్తటి ఇసుకలో కాలు దిగబడుతుంది, నీడ లేదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బల అంచుల మీద నడిస్తే అవి విరిగిపడతాయి. కింది బాటల్లోనే తిరగండి.

కొండ నడకలకు సమయం ఇలా లెక్కవేయండి. చదునుకు గంటకు నాలుగు కిలోమీటర్లు, దాని మీద ప్రతి వంద మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు అదనం. పిల్లలుంటే వచ్చిన మొత్తాన్ని ఒకటిన్నరతో హెచ్చించండి.

కాలం, వేళ, సంచి

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే తప్ప వద్దు. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఎండ కన్నా ఈ ఉక్కే పెద్దవాళ్ళను దెబ్బతీస్తుంది. జూన్‌లో అయిదున్నరకు ముందే తెల్లవారుతుంది, ఏడున్నరకల్లా ముగించవచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ఆ వారం గెడ్డల వైపు వెళ్ళకండి. ఇక్కడ వాన లేకపోయినా పైన కొండల్లో కురిస్తే గెడ్డ ఉన్నట్టుండి పొంగుతుంది.

మనిషికి లీటరు నీళ్ళు, మజ్జిగ, ఇడ్లీ పొట్లం, అరటిపళ్ళు చాలు. పొరుగున ఏ కాలానికి ఏది దొరికితే అది కొనుక్కోండి, చలికాలంలో తేగలు, వేసవిలో ముంజెలు. నీరసానికి లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి దగ్గర ఉంచుకోండి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువయితే చేటు. మధుమేహం ఉన్నవాళ్ళు బిస్కట్లు, పంచదార పలుకులు జేబులో పెట్టుకోవాలి. మడతపెట్టే చిన్న స్టూలు ఒకటి తప్పనిసరి. బల్ల ఎక్కడ ఉంటే అక్కడే ఆగాల్సిన అవసరం ఉండదు, అలసిన చోటే కూర్చోవచ్చు. కుర్చీకి గాలి కొట్టే పంపు, గట్టి తాడు, పాత గోనెసంచి రెండు కూడా పెట్టుకోండి. ఇసుకలో చక్రాల కింద గోనె పరిచి దాటించడం తెలిసినవాళ్ళకు చాలా తలనొప్పులు తప్పుతాయి.

నడిపించే తీరు

అందరికన్నా నెమ్మదైన మనిషి ముందు నడవాలి, చురుకైనవాళ్ళలో ఒకరు చివర ఉండాలి. వెనకబడినవాళ్ళ కోసం ముందువాళ్ళు ఆగి, వాళ్ళు చేరగానే మళ్ళీ బయలుదేరితే, అలసినవాళ్ళకు విశ్రాంతి ఎప్పుడు? ప్రతి ఇరవై నిమిషాలకు అయిదు నిమిషాలు ఆగండి, ఎవరూ అడగకపోయినా సరే. మన పెద్దవాళ్ళు 'నా వల్ల ఆలస్యం' అన్న మాట పడలేక నొప్పిని దాచుకుంటారు. వాళ్ళు అడగాల్సిన పరిస్థితే రానీయకండి.

చక్రాల కుర్చీని వాలు దిగేటప్పుడు వెనక్కి తిప్పి దించాలి. అంటే కూర్చున్నవారి వీపు పల్లం వైపు, నెట్టేవారు కింద ఉండాలి. ముందుకు దించితే మనిషి జారిపడతాడు. గతుకు వస్తే వెనక కాలిపట్టీ తొక్కి చిన్న చక్రాలను లేపాలి. తాకే ముందు కుర్చీలో ఉన్నవాళ్ళకు చెప్పండి. అడగకుండా కుర్చీని కదపడం మనిషిని భుజం పట్టి నెట్టడంతో సమానం.

గట్ల మీద గడ్డి ఎదిగిన చోట కర్రతో నేలను తట్టుకుంటూ వెళ్ళండి. పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నాటుమందు వద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చాలి. నగరంలో అయితే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. నీటి ఒడ్డున పిల్లలు ఎప్పుడూ ఒకరి చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. జలాశయాల అంచులు లోతు తెలియనివి, బురద జారుతుంది. ఈత వచ్చినా దిగనీయకండి.

తిరిగి వచ్చాక

ఆ రాత్రే ఒక పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి. ఎక్కడ గేటు ఇరుకు, ఎక్కడ వాలు ఎంత, ఎక్కడ నీడ దొరికింది, మరుగుదొడ్డికి మెట్లున్నాయా. కుర్చీతో తిరిగేవాళ్ళు మీకు తెలిసి ఉంటే వాళ్ళకు ఫోనులో పంపండి. ఈ సమాచారం లేకనే చాలామంది ఇల్లు కదలడం లేదు.

ఒక్క మెట్టు వల్ల దారి ఆగిపోయిన చోట అర్జీ పెట్టండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రజలు వాడే చోట్లు అందరికీ అందుబాటులో ఉండాలి. అర్జీలో ఆవేదన కన్నా కొలత పనిచేస్తుంది. మెట్టు ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో, గేటు వెడల్పు ఎంతో, పన్నెండుకు ఒకటి వాలుతో వాలుబాట కట్టాలంటే ఎంత పొడవు కావాలో రాయండి. పదిహేను సెంటీమీటర్ల మెట్టుకు నూటఎనభై సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో జతచేసి, పార్కయితే నగరపాలక సంస్థకు, అడవి అయితే అటవీశాఖకు, జలాశయం అయితే దాన్ని నిర్వహించే శాఖకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే అదే అర్జీని తేదీతో సహా జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజల అర్జీల కార్యక్రమంలో ఇవ్వండి.